అంచుల మీది సిరా

మూలికా వైద్యుడు షెన్ బోహాన్ దగ్గరున్న మూలికల నిఘంటువు అచ్చుపుస్తకమే. పట్నం వెళ్తే ఎవరైనా కొనుక్కోవచ్చు. కానీ దాని అంచుల నిండా ఆయన తండ్రి, తర్వాత ఆయన, చేత్తో రాసిన దిద్దుబాట్లున్నాయి. జ్యాలింగ్ నదికి అటూ ఇటూ కొండల్లో పెరిగే వసనాభి వేరు మహా ఘాటు. అచ్చులో చెప్పిన మోతాదు వేస్తే రోగం పోదు, రోగి పోతాడు. ఎంత వేయాలో, ఎంతసేపు ఉడకబెట్టాలో ఆ అంచులకే తెలుసు.

శిష్యురాలు రూలాన్ పడుచుతనమంతా ఆయన కొట్లో మందుల సొరుగులు లాగడంతోనే గడిచిపోయింది. ఎవరైనా పెళ్లి మాటెత్తితే, "పుస్తకం చేతికి రానివ్వండి, చూద్దాం," అనేది. గురువు పని మానుకునే రోజున శిష్యురాలు మోకాళ్ల మీద కూర్చుని టీ అందించాలి. ఆయన అది తాగి పుస్తకం చేతిలో పెట్టాలి. పిచ్చిది, ఆ ఒక్క రోజు కోసమే బతికింది.

ఆ రోజు రానే వచ్చింది. చూడ్డానికి వీధి వీధంతా కదిలొచ్చింది.

"ఇదిగో అమ్మాయ్, నా ప్రాణం నీ చేతిలో పెడుతున్నా," అన్నాడు షెన్ అందరికీ వినిపించేలా. "ఇక ఊరి ప్రాణాలు నీ పూచీ."

ఇచ్చిన దాన్ని ఎదుటే తెరిచి చూస్తే గురువుకు తలవంపులు. రూలాన్ దాన్ని నుదుటికి అద్దుకుని లోపలికి తీసుకెళ్లి తెరిచింది. అంచులన్నీ నల్లసిరా! ఒక్క అక్షరం మిగల్చలేదు మహానుభావుడు. శిష్యులకు ఏదో ఒక కిటుకు చెప్పకుండా దాచుకోవడం అక్కడి గురువులందరికీ ఉన్న జబ్బే. ఈయన మాత్రం మొత్తానికి మొత్తం దాచేశాడు.

నిలదీద్దామని గుమ్మం దాకా వచ్చింది. అయినా నలుగురిలో గురువు పరువు తీయడానికి నోరు రాలేదు. బయటికొచ్చి, "మీ దయ, గురువుగారూ," అని వంగి నమస్కరించింది. షెన్ ముసిముసిగా నవ్వాడు.

అప్పట్నుంచి ఆమె భయపడి భయపడి చిటికెడు మందు వేసేది. ఏ రోగమూ తగ్గేది కాదు. టోఫూ అమ్మే వేన్ అత్త అయితే పొట్లం బల్ల మీద పడేసి తిన్నగా పెరటి గుమ్మానికి నడిచేది. పెద్దాయన షెన్ అక్కడ చాటుగా నాడి చూసి మందిచ్చేవాడు. తేరుకున్నాక ఆవిడ పనిగట్టుకుని మళ్లీ వచ్చి, "పుస్తకం ఇస్తారు గానీ బుర్రెక్కడిస్తారే!" అని దెప్పేది.

కొన్నాళ్లకు పెద్దాయనకు మతి తప్పింది. మొదట మూలికల పేర్లు పోయాయి, తర్వాత మనుషులు. గంజి తాగించే రూలాన్ ఎవరో కూడా ఆయనకు తెలిసేది కాదు.

అలాంటప్పుడు వేన్ అత్త మొగుణ్ణి మంచం మీద మోసుకొచ్చారు. కాళ్లూ చేతులూ మంచుగడ్డలు. వసనాభి పడితే తప్ప లేవడు. రూలాన్ త్రాసులో వేరు వేస్తూ తీస్తూ ఉండటం చూసి వేన్ అత్త పుస్తకం లాక్కుంది, తీసుకెళ్లి పెద్దాయన ఒళ్లో పెట్టింది.

"చూస్తే గుర్తొస్తుందేమో, మీరే చెప్పండి తాతా, దీనికేం చేతనవదు."

షెన్ పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. ఒక్కసారిగా బావురుమన్నాడు. "మా నాన్న చేతిరాత! ఏ దొంగ వెధవ చేశాడీ పని?"

అందరూ రూలాన్ వైపు తిరిగారు.

"నేను కాదు! ఇచ్చిన రోజే ఇలా ఉంది. ఆయనే పూశారు!"

"మరి ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావే?" అంది వేన్ అత్త. "ముసలాయనకు మతి పోయింది కదాని, నువ్వొక్కదానివే చదివేసుకుని చెరిపేశావా? పాపిష్టిదానా!"

 మర్యాద కోసం నోరు మూసుకున్నానంటే ఎవరు నమ్ముతారు? పోతూ పోతూ వాళ్లు గుమ్మం మీదున్న ఆమె పేరు బల్ల పీకి కాలవలో విసిరేశారు. ఆసుపత్రికి తీసుకెళ్లే పడవలోనే వేన్ అత్త మొగుడు పోయాడని కాసేపటికే కబురొచ్చింది.

పెద్దాయన ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు. రూలాన్ మూతి తుడవబోతే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మాయ్, నువ్వెవరి పిల్లవో గానీ మంచిదానిలా ఉన్నావు. పుస్తకం ఇలా అయిందని రూలాన్‌కి మాత్రం చెప్పకే. దీని కోసం పెళ్లి కూడా మానుకుంది పిచ్చి పిల్ల. తెలిస్తే గుండె పగిలి చస్తుంది."

"చెప్పనులెండి," అంది రూలాన్.