బండెక్కిన కర్ర

ముప్పై రెండేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషికి పరుగు గొప్పతనం గురించి చెప్పబోవడం చేపకు గొడుగు అమ్మబోవడం లాంటిది. మన పెద్దాయన ముందు ఎవరైనా ఆ మాట ఎత్తితే చాలు, "దేవుడు కాళ్ళిచ్చింది క్లచ్చుకొకటి, బ్రేకుకొకటి. రోడ్డు మీద ఉరకడానికే అయితే చక్రాలిచ్చేవాడు కాదా?" అని నోరు మూయించేవాడు. అలాంటి మనిషి ఈ ఎముకలు కొరికే చలిలో, తొమ్మిది రోజులుగా, పరిగెత్తేవాళ్ళకు ముందూ వెనకా వ్యాన్ తోలుతున్నాడంటే దానికి కారణం ఇద్దరు. ఒకడు అల్లుడు. బడిలో డ్రిల్లు మాస్టారు, ఈ పరుగుల బృందానికి కెప్టెన్. రెండోది ఆ అల్లుడి కూతురు, ఏడేళ్ళ పిల్ల, పెద్దాయన ప్రాణం.

ఆ పిల్లకు కాళ్ళలో పట్టు తక్కువ. పిల్లల ఆసుపత్రిలో వేడినీళ్ళ కొలను ఒకటుంది. అందులో ఛాతీ లోతున దింపి, అడుగులు లెక్కపెట్టిస్తూ నడక నేర్పుతారు. పోయిన చలికాలం నీళ్ళు కాచే బాయిలర్ కాస్తా చెడిపోయింది. కొలనుకు తాళం పడింది. పదకొండు అడుగుల దాకా వచ్చిన పిల్ల మళ్ళీ మూడు అడుగులకు వచ్చింది. అప్పుడు ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ యజమాని, వయసులో ఉండగా పరుగుపందేల పిచ్చి ఉన్నవాడు, కొత్త బాయిలర్ పెట్టిస్తానని ముందుకొచ్చాడు. ఒక్కటే షరతు. "ఆ చివర సముద్రం నుంచి ఈ చివర ఆసుపత్రి దాకా ఒక కర్ర మోసుకురండి. చేతులు మారొచ్చు. కానీ ఒక్క అడుగు కూడా అది బండి మీద రాకూడదు. కాపలా ఎవర్నీ పెట్టను, మీ మాట చాలు" అన్నాడు.

పేరుకు కర్ర గానీ అది మూత ఉన్న ఉక్కు గొట్టం. లోపల ముప్పై ఎనిమిది మంది పిల్లలు తమ చేత్తో పేర్లు రాసిన కాగితం చుట్టి పెట్టారు. చలికి ఆ ఉక్కు చేతికి నిప్పులా తగులుతోందని పెద్దాయన భార్య దానికి ఊదారంగు ఊలుతో ఒక తొడుగు అల్లింది. ఊలు మిగిలింది. మిగిలిన ఊలును ఊరికే పోనిచ్చే ఇల్లాలు కాదావిడ. ఆయన టీ ఫ్లాస్కు కూడా సన్నగా పొడుగ్గా ఉంటుంది కదా అని దానికీ అలాంటిదే ఇంకోటి అల్లి పెట్టింది. ఆవిడ తప్పేమీ లేదు, ముందే చెబుతున్నాను. తప్పంతా ఆయన గడియారానిది.

తొమ్మిదో రోజు పొద్దున మంచు దట్టంగా పట్టింది. ఎదురుగా ఉన్న పెట్రోల్ బంకు గోడ కూడా కనబడటం లేదు. బృందంలోని పళ్ళ డాక్టరు తన వంతు పరిగెత్తి, ముక్కు కారుతుండగా వచ్చాడు. కళ్ళద్దాలు తుడుచుకుందామని తలుపు తీసి, కర్రను వ్యాన్‌లో స్టీరింగు ముందున్న అరుగు మీద, టీ ఫ్లాస్కు పక్కన పెట్టాడు. ఆగి ఉన్న బండిలో పెడితే తప్పులేదు. తరువాతి వంతు పోస్టమ్మది. ఇరవై ఏళ్ళుగా కాలినడకన ఉత్తరాలు పంచే మనిషి, బృందంలో అందరికన్నా గట్టిది. బయట రోడ్డు మీద గంతులేస్తూ కాచుకుని ఉంది.

పెద్దాయన గడియారం చూశాడు. రెండు నిమిషాలు లేటు.

బస్సు నడిపినన్నాళ్ళూ ఒక్క నిమిషం లేటు ఎరగని మనిషి. పైగా ఇక్కడ కండక్టర్ లేడు కాబట్టి ఆ పనీ ఆయనే చేసేవాడు. చేతికందిన ఊదారంగు తొడుగును కిటికీలోంచి పోస్టమ్మ చేతిలో కుక్కి, తలుపు మీద దబదబా బాది, "రైట్, రైట్!" అని అరిచాడు. పోస్టమ్మ మంచులో మాయమైంది. ఆయన తృప్తిగా మీసం దువ్వుకుని, ఏడు కిలోమీటర్ల అవతల ఉన్న పాలకేంద్రం దగ్గరకు వ్యాన్ తోలుకెళ్ళి ఆపాడు.

డాక్టరు వెనక సీట్లో నోరు తెరిచి గురక పెడుతున్నాడు. తరువాత పరిగెత్తాల్సిన అల్లుడు బయట గోడకు చేతులానించి కాళ్ళు సాగదీస్తున్నాడు. పెద్దాయన వేడిగా ఒక గుక్క టీ తాగుదామని మూత తీసి కప్పులోకి వంచాడు. టీ రాలేదు. విదిలించాడు. కాగితం చుట్ట ఒకటి జారి కప్పులో పడింది.

కర్ర ఇక్కడుంది, ఫ్లాస్కు పోస్టమ్మ చేతిలో పరిగెడుతోంది. అప్పటికి ఆ సంగతి తెలిసింది ఈ ప్రపంచంలో ఆయనొక్కడికే. పోస్టమ్మ రాగానే రెండూ మార్చేస్తే సరి. పిట్టకు కూడా తెలియదు. అలా అనుకుంటూనే కాగితం విప్పాడు. మూడో వరసలో మనవరాలి పేరు, అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి. బయలుదేరేముందు ఆ పిల్ల తన ఒళ్ళో కూర్చుని చెప్పిన మాట గుర్తొచ్చింది. "తాతయ్యా, మేమంటే ఎప్పుడూ బండే ఎక్కుతాం. ఇది మాత్రం ఎక్కకూడదు. ఇది మా బదులు నడుస్తుంది."

కిటికీ దించి అల్లుణ్ణి పిలిచాడు. కాగితం చూపించి, జరిగింది చెప్పాడు.

అల్లుడు రోడ్డు మధ్యలోనే కూలబడ్డాడు. కాసేపటికి తేరుకుని, గొంతు తగ్గించి, "మామయ్యా, ఎవరూ చూడలేదుగా. తొడుగులు మార్చేద్దాం. బాయిలర్ పోతే నా కూతురు…" అని ఆగిపోయాడు.

"నాకు మాత్రం మనవరాలు కాదట్రా?" అన్నాడు పెద్దాయన. అల్లుణ్ణి 'రా' అనడం పెళ్ళైన పదేళ్ళలో అదే మొదటిసారి. "టికెట్ లేదని బస్సాపి ఎంతమందిని దించానో తెలుసా నేను?"

"తెలియకేం మామయ్యా? నా పెళ్ళికి వస్తుంటే మా నాన్నను దించేశారుగా. పెళ్ళికొడుకు తండ్రి మూడు మైళ్ళు నడిచొచ్చాడు."

"టికెట్టు జారి ఎక్కడో పడిపోయిందన్నాడు. పడిపోతే నేనేం చెయ్యను? మరి ఆయనకొక న్యాయం, దీనికొక న్యాయమా? ఇదిప్పుడు టికెట్ లేకుండా ఏడు కిలోమీటర్లు వచ్చింది."

ఇంతలో పోస్టమ్మ రొప్పుతూ వచ్చింది. "బాబాయ్! పిన్ని అల్లికలో ఏం మహిమ ఉందో గానీ, దారి పొడుగునా కర్ర ఎంత వెచ్చగా ఉందో! లోపలేదో గుడగుడమంటోంది కూడా. నా కడుపేమో అనుకున్నా!" సంగతి విని, నవ్వు ఆపుకోలేక పాలక్యాన్ మీద కూర్చుండిపోయింది. తరువాత కళ్ళు తుడుచుకుని, "పోనీలే, వెనక్కి తీసుకెళ్ళండి, నేనే మళ్ళీ పరిగెత్తేస్తా" అంది.

"నీ కాళ్ళు సాయంత్రానికి కావాలమ్మా. దీన్ని బండెక్కించింది నేను. నేనే నడిపించుకొస్తా."

అల్లుడు ఫ్యాక్టరీ యజమానికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. పెద్దాయన ఫోనుకు చెవి ఆనించి నిలబడ్డాడు.

"ఎక్కిన చోటికి తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి నడిపిస్తారా?"

"నడిపిస్తామండీ."

"మరి నాకు ఫోన్ చేస్తూ కూర్చున్నారేం? పొద్దెక్కడం లేదూ?" అని పెట్టేశాడు.

ఇంకో చిక్కుంది. ఆయన నడిస్తే వెనక వ్యాన్ ఎవరు తోలాలి? ముప్పై రెండేళ్ళలో తన స్టీరింగు మీద పరాయి చెయ్యి పడనివ్వలేదు. పోస్టమ్మకు బండి రాదు, డాక్టరుకు మెలకువ రాదు. బంకు దగ్గర దిగాక తాళం అల్లుడి చేతిలో పెట్టాడు. కాదు, పెట్టాడనడం కన్నా అల్లుడే వేళ్ళు విడదీసి తీసుకున్నాడనడం న్యాయం.

నడక మొదలైంది. మనవరాలికి చెప్పాలి కదా అని అడుగులు లెక్కపెట్టాడు. మొదటి కిలోమీటరుకే ఎడమ మోకాలు మొరాయించింది. రెండో కిలోమీటరుకు కుడిది దానికి వంత పాడింది. అయినా మోకాళ్ళ బాధ ఎంత? వెనక మొదటి గేరులో తన బండి పడుతున్న పాట్లు వింటుంటే కడుపు తరుక్కుపోయింది. "క్లచ్! మెల్లగా వదులు! అది బండి, నీ బడి పిల్లాడు కాదు!" అని వెనక్కి తిరిగి అరుస్తూ నడిచాడు. పోస్టమ్మ పక్కనే నడుస్తూ, ఆయన చెయ్యి పట్టుకోబోయి, మూతి ముడుచుకోవడం చూసి మానుకుంది. రెండున్నర గంటలు పట్టింది. పాలకేంద్రం గోడ కనబడగానే ఆయనకు ఏడుపొచ్చింది. చలికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయని చెప్పాడు గానీ, ఎవరూ నమ్మలేదు.

కర్రను అల్లుడి చేతిలో పెట్టాడు. ఈసారి మూత తీసి, కాగితం ఉందో లేదో చూసుకుని మరీ పెట్టాడు. 'రైట్' అనలేదు.

ఆ సాయంత్రం బస చేసిన గదిలో, వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని ఉండగా మనవరాలు ఫోన్ చేసింది. అన్నీ విని, అసలు ప్రశ్న అడిగింది.

"ఎన్నడుగులు తాతయ్యా?"

"తొమ్మిదివేల నాలుగు వందలదాకా బాగానే లెక్కపెట్టానమ్మా. అప్పుడు మీ నాన్న క్లచ్ వదిలాడు. ఆ కుదుపు చప్పుడుకు లెక్క పోయింది."

"లెక్క పోతే కుదరదు. మళ్ళీ మొదటినుంచి నడవాలి. మా ఎక్సర్‌సైజు ఆంటీ నన్నెప్పుడూ అలాగే నడిపిస్తుంది."

"నువ్వు నడుస్తావా మరి?"

"ఏడుస్తా. తరువాత నడుస్తా."

పెద్దాయన బకెట్లోంచి కాళ్ళు బయటికి తీసేసరికి రాత్రయింది. నీళ్ళు చల్లారిపోయాయి.

మర్నాడు పొద్దున బయలుదేరే చోట పోస్టమ్మ గంతులేస్తూ కాచుకుని ఉంది. ఆయన వ్యాన్ దిగి, జేబులోంచి తాళం తీసి, అడక్కుండానే అల్లుడి చేతిలో పెట్టాడు.

"ఎక్కడికి మామయ్యా?" అన్నాడు అల్లుడు, నోరు తెరిచి.

"మొదటి కిలోమీటరు నాది. పోస్టమ్మకు అక్కడ ఇస్తాను" అని కర్ర అందుకుని, రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు. "క్లచ్ మెల్లగా వదులు. లెక్క తప్పితే ఆ పిల్ల ఒప్పుకోదు."