బతికున్నవాడి సిలువ

ఆకాశం చిరిగిన చప్పుడు.

మారతహళ్ళి మీద యుద్ధవిమానం. ఎవరో నడపడం నేర్చుకుంటున్నారు. అపార్టుమెంటు పిల్లలు చేతులు ఊపుతారు. పావురాలు లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ వాలతాయి.

పనిచేసే ఇంట్లో ముసలమ్మకు గంజి కాస్తున్న మార్త మాత్రం పొయ్యి గట్టు కిందికి వంగుతుంది.

ప్రతిసారీ.

బర్మాలో పుట్టిన తెలుగు పిల్ల. ముత్తాత బియ్యం మిల్లులో మూటలు మొయ్యడానికి ఓడెక్కి పోయాడు. ఇప్పుడక్కడ సైన్యానిదే రాజ్యం. సొంత ఊళ్ళ మీదే బాంబులు. ఇంటికొక మగపిల్లవాణ్ణి ఇమ్మంటారు — ఇవ్వకపోతే తల్లిని పట్టుకుపోతారు.

తమ్ముడు జోనా అడవిలోకి పారిపోయాడు.

జ్వరమొచ్చి చనిపోయాడని ఊరందరికీ చెప్పింది అమ్మ. ఖాళీ పెట్టె పూడ్చింది. సిలువ నాటింది. దాని మీద వాడి పేరు రాయించింది. సైనికులు వచ్చారు. చదివారు. వెళ్ళిపోయారు.

అమ్మ రోజూ ఆ సిలువ దగ్గర ఏడవాలి. ఎవరైనా చూస్తుంటే ఇంకాస్త గట్టిగా...

ఈ సంగతి మార్త ఇక్కడి చర్చిలో ఒక్క హన్నక్కకే చెప్పింది. గుండె పట్టక చెప్పింది.

ఆదివారం. రేకుల కప్పు చర్చి. ప్రార్థన అవసరతలు చెప్పే వేళ. ఒకరు పేరు చెబుతారు, అందరూ ఆమెన్ అంటారు.

"మా తమ్ముడి కోసం," అంది మార్త.

"పేరు చెప్పు మా," అంది ముందు వరసలో సునీత.

"దేవుడికి తెలుసు."

"దేవునికి తెలుసులేమ్మా. మాకు తెలియొద్దా?"

కొందరు నవ్వారు.

హన్నక్క లేచింది. మంచి మనిషి. కళ్ళ నిండా నీళ్ళు.

"ప్రభువా, మా మార్త తమ్ముడు జోనా, బర్మా అడవిలో దాక్కోని ఉండాడు. ఆ బిడ్డను కాపాడు తండ్రీ..."

ఆమెన్, అన్నారందరూ.

స్టాండు మీద ఫోను. లైవ్.

బర్మాలో మార్త ఊళ్ళో ఆదివారమైతే ఈ లైవే చూస్తారు. తెలుగు పాటల కోసం చూస్తారు. అందరూ మంచివాళ్ళే కారు.

"వీడియో వెంటనే తీసేసినాము మా," మార్త చేతులు పట్టుకుంది హన్నక్క. "నాకు తోచలా. పేరు పెట్టి అడిగితే బాగా వింటాడనుకుంటి."

మార్త చేతులు విడిపించుకుని ఫోను తీసింది.

అమ్మ ఫోను మోగుతోంది. ఎత్తడం లేదు.

కరెంటు లేదేమో.

వానేమో.

సిలువ దగ్గర ఉందేమో...

సోమవారం మధ్యాహ్నం మళ్ళీ చేసింది. మోగింది. మోగింది. ఆగింది — ఎవరో ఎత్తారు.

సరిగ్గా అప్పుడే ఆకాశం చిరిగింది.

మార్త వంగలేదు. ఫోను చెవికి అదుముకుని నిలబడింది. అవతల ఒక గొంతు. అమ్మదో... మగగొంతో...

కింద పిల్లలు చేతులు ఊపుతున్నారు.

పావురాలు ఇంకా వాలలేదు.