కార్డు మీద ఒకటే వరుస

పచ్చి అరటికాయలు చెక్కు తీసేముందు చేతులకు నూనె రాసుకోవాలి, లేకపోతే జిగురు నాలుగు రోజులైనా వదలదు. ఎనెయిదా ఆ నూనె చేతులతో ఉన్నప్పుడే ఫోను మోగింది. మోచేత్తో నొక్కింది.

"సెన్యోరా, మీ మెడికేర్ కార్డు మీది నంబరు చదివి వినిపిస్తే చాలు. మా కంపెనీ ప్లానులో పళ్ళసెట్టు ఉచితం, ఆస్పత్రికి బండి ఉచితం," అంది ఓ తియ్యటి గొంతు.

"మా ఆయన్ని అడగాలి," అని పెట్టేసింది.

పొద్దుటి నుంచి ఇది మూడోది. మే నెలలో అరవై ఐదు నిండి, ముసలివాళ్ళకిచ్చే ఆ సర్కారు వైద్య బీమాకి అర్హురాలైన దగ్గర్నుంచీ ఈ దీవిలో, ఈ యౌకో ఊళ్ళో తనకింతమంది ఆప్తులున్నారని ఎనెయిదాకే కొత్తగా తెలుస్తోంది. మందుల షాపు గుమ్మంలో బల్ల వేసుకుని కూర్చున్న పిల్ల, పాస్టరుగారి బావమరిది, అందరి చేతుల్లోనూ రంగురంగుల ప్లాను కాగితాలే. "ఎవరికీ నంబరు చెప్పకు. ఏ కాగితం వచ్చినా ముందు నాకు చూపించు. నువ్వసలే అమాయకురాలివి," అని మొగుడు ఎలియేసర్ ఆజ్ఞ. పెళ్ళయిన కొత్తలో ఆమె మొదటి జీతం చీటీ చేతిలోకి తీసుకున్నప్పుడూ ఇదే మాట అన్నాడు. అత్తగారు బతికున్నన్నాళ్ళూ "కాగితాలు నా కొడుకు చూసుకుంటాడు, నువ్వు పొయ్యి చూసుకో," అనేది. ముప్ఫై ఏళ్ళు యూనిఫారాల ఫ్యాక్టరీలో కుట్టు పని చేసి, వంకర కుట్టు కనిపిస్తే సూపర్‌వైజర్‌తోనే పోట్లాడిన మనిషి, ఇంటి గడప దాటి లోపలికొచ్చేసరికి అమాయకురాలైపోయేది. నిజం చెప్పాలంటే ఆమెకది కొంత సుఖంగానే ఉండేది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

ఆ మధ్యాహ్నం కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. జూన్ నుంచి ఎడమ కన్ను మూలన మసక. మొదట ఈగ వాలినట్టుండేది, ఇప్పుడు ఆ మూలన ఏముందో కనబడదు. ఎలియేసర్‌కి చెబితే "సూదిలో దారం ఎక్కించీ ఎక్కించీ అలసిపోయాయి, అంతే," అన్నాడు. అందుకని చెప్పకుండా వచ్చింది. కౌంటర్లో యారిట్సా అనే అమ్మాయి కార్డు అటూ ఇటూ తిప్పింది.

"దోన్యా ఎనెయిదా, ఇందులో పార్ట్ ఎ ఒక్కటే ఉంది. ఇది ఆస్పత్రిలో చేరితే పనికొస్తుంది. డాక్టరు చూడాలంటే పార్ట్ బి ఉండాలి."

"కార్డు కార్డే కదమ్మా. మా ఆయన ఇలాంటిదే తెచ్చి ఇక్కడే చూపించుకున్నాడు."

"అయితే ఓసారి ఇంటికెళ్ళి ఆయన కార్డు చూడండి. బి పెట్టించుకోడానికి పుట్టినరోజు నెల తర్వాత మూడు నెలలే గడువు. అంటే ఈ ఆగస్టు ఆఖరు. దాటిపోతే మళ్ళీ జనవరిదాకా అడగనివ్వరు."

గడువంటే ఇంక మూడు రోజులు. ఈ పిల్ల మీదే ముందు అనుమానం వచ్చింది ఎనెయిదాకి. ఏ ప్లానువాళ్ళో దీనికి వాటా ఇస్తూ ఉంటారు, భయపెట్టి కాగితం చేతిలో పెడుతుంది చూడు, అనుకుని నిలబడింది. యారిట్సా ఏ కాగితమూ ఇవ్వలేదు. దాంతో అనుమానం కాళ్ళు విరిగి అక్కడే కూలబడింది. వ్యానులో తిరిగొస్తూ ఒక్కొక్కరినే తలుచుకుంది. పోస్టుమన్ ఏమన్నా పారేశాడా? పాస్టరుగారి బావమరిది నంబరు కొట్టేశాడా? ఇంతమందిని అనుమానించడం నేర్పిన మనిషి జోలికి మాత్రం ఆలోచన పోలేదు. వెళ్ళబోయేది, వెనక్కొచ్చేది.

ఇంటికొచ్చేసరికి ఎలియేసర్ స్నానం చేస్తున్నాడు. పంట్లాం కుర్చీ మీద ఉంది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆమె అతని పర్సు తెరిచింది. అతని కార్డు మీద రెండు వరుసలున్నాయి. ఆస్పత్రి, పార్ట్ ఎ. వైద్యం, పార్ట్ బి. రెంటి పక్కనా తేదీలు. తన కార్డు పక్కన పెట్టి చూసింది. ఒకటే వరుస. కింద తెల్లగా ఖాళీ.

ఎలియేసర్ తువ్వాలుతో బయటికొచ్చి, బల్ల మీద రెండు కార్డులూ చూసి ఆగిపోయాడు.

"నా పర్సెందుకు తీశావే?"

"నీది కూడా నాలాగే పోస్టులో వచ్చిందా?"

"వచ్చింది."

"రెండు వరుసల్తోనే?"

చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. "రెండోది ఆఫీసుకెళ్ళి అడిగి పెట్టించుకున్నా. దానికి నెలనెలా నీ పెన్షన్లోంచి కోస్తారే. నీకేం రోగమని? రాయిలా ఉంటావు. నాకైతే బీపీ ఉంది."

"కార్డుతో పాటు ఉత్తరం రాలేదూ?"

"వచ్చింది. చదివాను. నీకు చెబితే అనవసరంగా గాభరా పడతావని చెప్పలేదు. నీ మంచికేలే. అరటికాయలు ఉడికాయా?"

ఉత్తరం బండి కాగితాల సొరుగులో దొరికింది. కవరు మీద ఆమె పేరు, ఇంటిపేరుతో సహా. నీటుగా కత్తితో కోసి ఉంది. పార్ట్ బి కావాలంటే ఏం చెయ్యాలో, ఎప్పటిలోగా చెయ్యాలో అందులో పెద్ద అక్షరాల్లోనే రాసి ఉంది, మంచి స్పానిష్‌లో. గాభరా పడాల్సింది ఏమీ లేదు. కార్డు చేతికిచ్చిన రోజు "ఇదిగో, దాచుకో," అన్నాడు కదా. సంబరపడి అతనికి కొబ్బరి పాయసం చేసిపెట్టింది కూడా. మసక సంగతి అతనికి చెప్పిన రోజుకే ఈ కవరు ఈ సొరుగులో ఉంది. ఇది తట్టగానే సొరుగు పట్టుకుని నిలబడిపోయింది. ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. తను ఇన్నాళ్ళూ గొళ్ళెం పెట్టింది వీధి తలుపుకి మాత్రమే అని తెలిసింది.

మర్నాడు పొద్దున్నే, పెన్షన్లూ మెడికేర్ కార్డులూ చూసే సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్ళింది. పోన్సే ఊళ్ళో ఉన్న కూతురింటికనో, బట్టల కోసమనో అబద్ధం చెప్పలేదు. అసలేం చెప్పకుండానే బయల్దేరింది. కిటికీ వెనక నెరిసిన జుట్టావిడ కూర్చుంది. ఎనెయిదా ఆవిణ్ణి కూడా నమ్మలేదు. ఫారం మొత్తం చదివింది, అర్థం కాని చోట మళ్ళీ అడిగి మరీ చదివింది. ఆవిడ విసుక్కోలేదు.

"ఈ దీవిలో పార్ట్ బి దానంతటది రాదు దోన్యా, అడిగితేనే వస్తుంది. చాలామందికి తెలీదు."

"మరి ప్లాను? రోజూ ఫోన్లు చేసి చంపుతున్నారు."

"ముందు బి రానివ్వండి. మీకే డాక్టరు కావాలో, ఆ డాక్టరు ఏ ప్లానులో ఉన్నారో మీరే ఫోను చేసి కనుక్కోండి. మీరు వాడే మందులు అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. పళ్ళసెట్టు సంగతి తర్వాత. ప్లాను ఎవరికి వాళ్ళదే, మొగుడిది పెళ్ళానికి అంటుకోదు."

ఎనెయిదా సంతకం చేసింది. పూర్తి పేరు రాసింది, తొందరపడకుండా.

ఆవిడ ఫారం తిప్పి చూసింది. "కొత్త కార్డూ, ఉత్తరాలూ పాత చిరునామాకేనా?"

"వద్దు," అంది ఎనెయిదా. "ఇందాక వస్తూ పోస్టాఫీసులో నా పేరున పోస్టు పెట్టె అద్దెకి తీసుకున్నాను. ఆ నంబరు రాసుకోండి. మా ఇంట్లో నా ఉత్తరాలు నాకు అందవు."