సూది విరిగిందని రాశాను

పెద్దక్క మిషన్ మీద వాలిపోతే ఎవరూ చూడరేమో! అన్నిటికంటే నాకు ఎక్కువ భయం అదే. మా పాప జ్వరానికి కూడా ఇంత భయపడలేదని తెలిస్తే మా అత్తయ్య నన్ను గడప తొక్కనివ్వదు.

తొమ్మిదో తరగతితో చదువాగిపోయిన నేను బట్టల ఫ్యాక్టరీలో ఆరేళ్లు కుట్టి, సూపర్‌వైజరునయ్యాను. "పాతికమంది మీద పెత్తనమట! నా చొక్కాకి గుండీ కుట్టే దిక్కు లేదు" అని మా ఆయన పాప ముందే ఎగతాళి చేసేవాడు. పైవాళ్ల తిట్లు మింగి కిందవాళ్లకి మంచిగా చెప్పడం పెత్తనమైతే, ఇంట్లోనూ నేను చేసేది అదే కదా.

పద్నాలుగో మిషన్ మీద కుట్టే పెద్దక్క మా లైన్లో అందరికంటే పెద్దది. నెలసరి ఆగే వయసు. ఒక్కోరోజు రక్తం ఆగదు, గంటకోసారి లేవాలి. లేస్తే కూలి కోస్తారు. సూది విరిగితే కొయ్యరు. అందుకే ఆవిడ లేచినప్పుడల్లా రిజిస్టరులో 'సూది విరిగింది' అని రాసేదాన్ని.

"ఒసేయ్, నా పేరు మీద ఎన్ని విరిచావే? సూదుల కొట్టు పెట్టచ్చు" అని నవ్వేది.

ఈ నెల ప్రతి మిషనుకీ చిన్న తెర బిగించారు. ఎవరెన్ని కుట్టారో అదే లెక్కపెడుతుంది, మనిషి లేస్తే ఎర్రగా వెలుగుతుంది. ఇక సూపర్‌వైజర్లు అక్కర్లేదట. మళ్లీ మిషన్ మీద కూర్చోమన్నారు, సరేనన్నాను. అయితే నా పాత రిజిస్టర్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించారు. ఇన్ని సూదులు విరిచిన పద్నాలుగో మిషన్ ఆవిడకి చెయ్యి నిలకడ లేదు, తీసెయ్యమంది అది.

"నోరు మూసుకుని నీ సీటు కాపాడుకో. ఆవిడేమన్నా నీ సొంత అక్కా?" అన్నాడు మా ఆయన.

మర్నాడు మేనేజరు గదిలోకి వెళ్లాను. "ఆవిడ ఒక్క సూదీ విరవలేదు సార్. అవన్నీ నా అబద్ధాలు."

"ఎందుకు రాశావమ్మా?"

చెప్పాను. నాకంటే చిన్నవాడు, కళ్లు దించుకున్నాడు. "ఆవిడ ఉంటుందిలే. నిన్ను మాత్రం ఉంచలేను." "నాదీ నెలాఖరు వరకేనమ్మా. నా పనీ ఆ కంప్యూటరుకే ఇచ్చారు" అని గొణిగాడు.

ఇప్పుడు నన్ను గేటు దాటనివ్వరు. తెర ఎర్రబడుతుందని ఆవిడ లేవడమే మానేసిందట. ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఆ లైన్లో కుడుతుంటే, పద్నాలుగో మిషన్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. "బాగానే ఉన్నానే" అంటుంది. నమ్మకండి. చెయ్యి పట్టుకుని లేపి, ఆవిడ కూర్చున్న చోటు చూడండి.