డ్రమ్ము దగ్గర భూస్థాపన ప్రార్థన

మండవల్లి దగ్గర ఎలీయాజరు మాస్టారి షెడ్డులో టమాటా నారు మధ్యాహ్నానికే తలలు వాల్చేసింది. కాలవ నీళ్ళతో వచ్చిన వైరస్ తగిలి, దాదాపు ట్రేలన్నిటికీ ఆకుమచ్చ పడింది. మిగిలిన మంచి ట్రే ఒక్కటే. చనిపోయిన భార్య పెర్సిస్ ఏటేటా దాచిన విత్తనం అది. దానికి కాలవ నీళ్ళు పొయ్యాలంటే భయం; పొయ్యక ఎండితే ఆ విత్తనం ఇక లేదు.

అందుకే ఆయన పాత శిష్యుడు శ్యామ్ సుందర్ తాడేపల్లిగూడెం నుంచి నీళ్ళలో వైరస్‌ని చంపే ప్లాస్మా యంత్రం తెచ్చాడు. గాజుగొట్టంలో ఊదారంగు వెలుగు లేచింది. ఆ వెలుగులోంచి వచ్చిన గాలి బుడగలు బుడగలుగా డ్రమ్ములోని కాలవ నీళ్ళలోకి దిగింది. పెర్సిస్ ఉన్నప్పుడు ఆమెతో కలిసి ఏటా నారు పెంచిన మణెమ్మ గొట్టం చివర చెయ్యి పెట్టి చూసింది.

"ఇదేం మంటండీ, చల్లగా ఉంది!"

"చల్లదైనా వైరస్ పని పట్టేసిందండి," అన్నాడు శ్యామ్.

"అంటే చచ్చిందా?"

"అలాగే అనుకోండి."

"మరి బయటికి తీశారా?"

"తియ్యలేమండి. నీళ్ళలోనే ఉంటుంది."

మణెమ్మ నీళ్ళ క్యాను వెనక్కి లాక్కుంది. "పీనుగులున్న నీళ్ళు అమ్మగారి మొక్కలకా? ప్రార్థనైనా లేకుండానా? నేను పొయ్యనండీ. మిమ్మల్నీ పొయ్యనివ్వను."

మాస్టారు నారు వంక చూశారు. వాదించే వ్యవధి లేదు. పాస్టరు క్రీస్తుదాసుకి ఫోను చేశారు.

పాస్టరు మోటారుసైకిలు దిగి, డ్రమ్ములోకి తొంగిచూశారు. "ఎంతమంది పోయారండీ?"

"కోట్లలో ఉంటాయండి," అన్నాడు శ్యామ్.

"అయ్యో! మన సంఘస్తులేనా?"

"అసలు వాటికి ప్రాణం ఉందో లేదో కూడా తేలలేదండి."

"మా సంఘంలోనూ కొందరి సంగతి తేలలేదులెండి. అయినా చేస్తాం." పాస్టరు కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, ఇవి చెడ్డపనులే చేశాయి. ఇప్పుడు మానేశాయి. మిగతాది నీకు తెలుసు. ఆమేన్."

మణెమ్మ పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది. డ్రమ్ము మూత మీద బంతిపువ్వొకటి పెట్టి, క్యాను నింపి, ట్రే అంతా నెమ్మదిగా తడిపింది. తర్వాత స్టవ్ వెలిగించింది. భూస్థాపనకి వచ్చినవాళ్ళని టీ ఇవ్వకుండా పంపకూడదట.

పెర్సిస్ పోయిననాడు ఎవరో చేతికిచ్చిన టీ మాస్టారి చేతిలోనే చల్లారిపోయింది. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇవాళ గ్లాసు ఖాళీ చేసి చూసేసరికి, ట్రేలో ఒక మొక్క మెడ ఎత్తింది. దాని పక్కది కూడా.

"ఇంకొంచెం పొయ్యనా అండీ?" అంది మణెమ్మ.

ఆయన గ్లాసు ముందుకు చాపారు.