ఉడుము ఇస్త్రీ

పొద్దున్న ఏడింటికల్లా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర జనం మూగుతారు. ఇస్త్రీ అక్క ఒక్కో చొక్కా పరిచి, నీళ్ళు చిలకరించి, ఏ జంతువును వెయ్యమంటారని అడుగుతుంది. లెక్కల టీచరుకు గేదె కావాలి, క్లాసులో ఎవరేం కూసినా చలించకుండా ఉండటానికి. బస్సు కండక్టరుకు ఏనుగు, ఎవరెక్కడ దిగాలో మరిచిపోకుండా. ఇస్త్రీపెట్టె రెండుసార్లు అటూ ఇటూ నడిస్తే జంతువు బట్టలోకి దిగుతుంది, చొక్కా నలిగేదాకా ఉంటుంది. ఇంటర్వ్యూల రోజుల్లో మాత్రం అందరికీ పులే కావాలి. ఆ రోజుల్లో వీధిలో ఎవరికీ ఎవరితోనూ పడదు.

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే అతన్ని వీధంతా పోనీలే అని పిలుస్తారు. బస్సులో కాలు తొక్కినా పోనీలే, పాలలో నీళ్ళు కలిపినా పోనీలే. ఒక్కోసారి అతని తరఫున తొక్కినవాళ్ళే నొచ్చుకుంటారు.

అతని భార్య నర్సు. మూడేళ్ళుగా బస్సులో ఆరుగంటల దూరమున్న ఆస్పత్రిలో పని. పదిహేను రోజులకోసారి వచ్చిపోతుంది. నర్సుల బదిలీలు చూసే ఆఫీసు మాత్రం ఈ ఊళ్ళోనే ఉంది. అక్కడి అధికారి మహా మర్యాదస్తుడు. చెప్పినంతసేపూ తల ఊపుతూ వింటాడు, లేచి నిలబడి చెయ్యి కలుపుతాడు, "చూద్దాం" అంటాడు. ఆ చెయ్యి ఊపడం పూర్తయ్యేసరికి వచ్చినవాడు గుమ్మం బయట ఉంటాడు. పోనీలే పదకొండుసార్లు అలా బయటపడ్డాడు. ఒకసారి సింహాన్ని వేయించుకుపోతే గర్జనంతా గేటు దగ్గరి వాచ్‌మన్ మీదే ఖర్చయిపోయింది. ఇంకోసారి సింహం దొరక్క మేకపోతును తొడుక్కెళ్ళాడు. గాంభీర్యం కుర్చీలో కూర్చునేదాకా నిలిచింది.

పన్నెండోసారి వెళ్ళాల్సి వచ్చింది పాప వల్ల. నాలుగేళ్ళది. పోయిన ఆదివారం వాళ్ళమ్మ గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే ఎదురెళ్ళి, "కూర్చోండి. మీరు మంచినీళ్ళు తాగుతారా?" అంది. ఇంటికొచ్చినవాళ్ళను మీరు అనాలని నానమ్మ నేర్పింది మరి, పాప శ్రద్ధగా నేర్చుకుంది. నర్సు నీళ్ళు తాగి, గ్లాసు తిరిగిచ్చి, థాంక్సండీ అంది. తర్వాత స్నానాలగదిలో చాలాసేపు ఉండిపోయింది. పోనీలే అనడానికి అతనికి ఆ రోజు నోరు రాలేదు.

సోమవారం పొద్దున్నే చొక్కా పట్టుకుపోయి, ఎలాగైనా సరే పులి వెయ్యమన్నాడు.

"పులెందుకు తమ్ముడూ? నువ్వు గర్జిస్తావు, ఆయన చూద్దామంటాడు," అంది ఇస్త్రీ అక్క. అని, కుడి మణికట్టు దగ్గర ఉడుమును వేసింది. "ఇది అరవదు. పట్టుకుందంటే పని అయ్యేదాకా వదలదు. దారిలో దేన్నీ ముట్టుకోకు."

కుడిచెయ్యి జేబులో పెట్టుకుని, బస్సులో ఎడంచేత్తో కడ్డీ పట్టుకుని, ఇద్దరి ఒళ్ళో పడి, మొత్తానికి ఆఫీసు చేరాడు. అధికారి తల ఊపుతూ విన్నాడు. లేచాడు. చెయ్యి కలిపాడు. చూద్దామన్నాడు.

అలవాటుకొద్దీ పోనీలే నోరు "పోనీలెండి" అనేసింది. చెయ్యి మాత్రం పోనివ్వలేదు.

అధికారి ఊపి చూశాడు, లాగి చూశాడు. మర్యాదగా నవ్వుతూనే కాలు బల్లకు తన్నిపెట్టి మరీ లాగాడు. ప్యూను సబ్బు తెచ్చి రుద్దితే చేతులు శుభ్రపడ్డాయి గాని విడిపోలేదు. ప్యూనే చొక్కా చేతిని పరీక్షగా చూసి, "ఉడుమండీ. పని అయితేగాని వదలదు," అన్నాడు.

"ఇంతకీ ఏం పని?" అన్నాడు అధికారి. మూడేళ్ళలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు.

ఇద్దరూ జంటగా బీరువా దగ్గరికి నడిచి, జంటగా వంగి, అట్టడుగు అరలోంచి ఫైలు తీశారు. ఈలోగా భోజనాల వేళయింది. ఆయన ఎడంచేత్తో చెంచా పట్టుకుని సగం ఒంటిమీదే పోసుకుంటే పోనీలే తుడిచాడు. తిన్నాక, ఆదివారం నర్సు రాసిచ్చిన కొత్త కాగితాన్ని ఫైలు మీద పెట్టాడు. కారణం అన్నచోట ఒక్క వాక్యమే ఉంది: మా పాప నన్ను మీరు అంటోంది.

ఆయన రెండుసార్లు చదువుకున్నాడు.

"మా ఇంట్లో నన్ను అందరూ మీరనే అంటారు," అన్నాడు అధికారి. ప్యూను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

సంతకం దగ్గర చిక్కొచ్చింది. సంతకం పడనిదే ఉడుము వదలదు, ఉడుము వదలనిదే సంతకం పడదు. ఎడంచేతి సంతకం చెల్లదని ప్యూను తేల్చేశాడు. చివరికి పోనీలేకే తోచింది. కలాన్ని ఆయన వేళ్ళ మధ్య ఇరికించి, పట్టిన చెయ్యి పట్టినట్టే నడిపించి, బళ్ళో పిల్లలకు అక్షరాలు దిద్దించినట్టు దిద్దించాడు. సంతకం చివర మామూలుకన్నా పొడుగ్గా ఒక తోక వచ్చింది. తోక పూర్తవగానే చేతులు విడిపోయాయి.

పన్నెండు రోజులకు నర్సు పెట్టే బేడాతో వచ్చేసింది. మొదటి వారమంతా పాప రోజూ మంచినీళ్ళిచ్చి, మీరెప్పుడు వెళ్తారని అడిగింది. పోనీలే మళ్ళీ చొక్కా పట్టుకుని ఇస్త్రీ బండి దగ్గరికి పరిగెత్తాడు. దీనికేమైనా జంతువుందా అని ఇస్త్రీ అక్కను అడిగితే, దీనికేం అక్కర్లేదు, ఆవిడ ఇంట్లో ఉంటే చాలని చొక్కా వెనక్కిచ్చేసింది.

ఎనిమిదోరోజు పొద్దున నర్సు పాపకు తల దువ్వుతోంది. ఒక చిక్కు దగ్గర దువ్వెన గట్టిగా తగులుకుంది.

"నువ్వు లాగకు!" అని అరిచింది పాప.

నానమ్మ గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చి, అమ్మతో అలాగేనా మాట్లాడటం, నేను నేర్పిన మర్యాద ఇదేనా అని అందుకుంది. నర్సు చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"ఉండండి అత్తయ్యా. ఏమన్నావే? ఇంకోసారి అను."

"నువ్వు," అంది పాప విసుగ్గా.

నర్సు కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని, కావాలనే ఇంకాస్త లాగింది.