పై శ్రుతి

సింకులో క్యాసరోల్ పళ్లెం అంచులకి మాడి అతుక్కున్న చీజ్‌ని ట్వైలా గీకుతుంటే, వెనక నుంచి డ్వేన్ అన్నాడు: "కింది శ్రుతిదే పెడతాను. పైది నీ గొంతుకి అందదు."

ఆమె ఏ శ్రుతి గురించీ అడగలేదు. అసలు ఈ ఆదివారం చర్చిలో తను పాడబోతోందన్న సంగతే ఆమెకి అప్పుడు తెలిసింది. ప్రత్యేక పాట పాడాల్సిన బ్రాండీకి, అదే, పాస్టరుగారి కోడలికి, గొంతు పోయిందట. పాస్టరు బ్రదర్ మెల్విన్ ఫోను చేశాడు. చేసింది డ్వేన్‌కి. "మీ ఆవిడ పాడుతుందా?" అన్నాడట. "పాడకేం, పాడుతుంది" అన్నాడట ఈయన. పక్కింటాయన నిచ్చెన అడిగితే గోడ మీంచి అందించినట్టు ఆమె గొంతుని అందించేశాడు.

ఆ కోపం కోపమే గాని, గుండె మాత్రం ఎగిరి గంతేసింది. చేతులకి సబ్బు నురగ ఉందన్న సంగతి మరిచి రెండు చేతులతో నోరు కప్పుకుంది.

"ఏ పాట?" అంది.

"నీ ఇష్టం. ఎలాగూ ఆ కొత్త డిస్కు కిటికీలో పెట్టుకుని పూజ చేస్తున్నావుగా."

కొత్త డిస్కు భక్తిపాటల గాయని డెబ్రా హాల్‌స్టెడ్‌ది. మొదటి పాట నుంచి నిన్నమొన్నటి పాట దాకా, బాగా పేరొచ్చినవన్నీ ఏరి ఒకే అట్టలో పెట్టారు. టల్సాలో క్రైస్తవ పుస్తకాల షాపుకి చెప్పి తెప్పించుకుంది. అట్ట వెనక పాటల పేర్లు చదువుతుంటే, ఎవరో తన బతుకునే వరసగా పేర్చి అచ్చేసినట్టనిపించింది. మొదటిది, బడి మానేసిన ఏడు నాన్న ట్రక్కు రేడియోలో విన్నది. మూడోది తన పెళ్లిలో పాడించింది. "తెల్లవారకముందే" అన్నది, కేసీ కడుపులో ఉండగా, బిడ్డ కదలడం లేదేమోనని ప్రతి మధ్యాహ్నం పొట్ట మీద చెయ్యేసుకుని విన్నది. ఆ తర్వాతది సుడిగాలి సైరన్ మోగిన రోజు, స్నానాల తొట్టిలో కేసీని పొదువుకుని, పైన పరుపు కప్పుకుని, వణుకుతూ పాడింది. ఈ ఏళ్లన్నీ డెబ్రా ఊళ్లు తిరిగింది, ట్వైలా గిన్నెలు తోమింది. పాటలు మాత్రం ఇద్దరికీ అవే.

డిస్కుతో పాటు ట్రాకుల డిస్కు కూడా తెప్పించింది. చర్చిల్లో పాడుకునేవాళ్ల కోసం వాయిద్యాలు మాత్రమే ఉంటాయి అందులో. ప్రతి పాటా మూడేసి సార్లు: పై శ్రుతి, నడిమి శ్రుతి, కింది శ్రుతి. ఎవరికి ఏది పెట్టాలన్నది చర్చి వెనక సౌండు బల్ల దగ్గర కూర్చునేవాడి చేతిలో ఉంటుంది. ఆ కూర్చునేవాడు డ్వేన్.

పెళ్లికి ముందు యువజనుల క్యాంపులో ట్వైలా ఒకసారి పై శ్రుతిలో పాడింది. పైకి వెళ్లాల్సిన చోట గొంతు పగిలింది. అంతే, అది డ్వేన్‌కి జీవితకాలం సరిపడా జోకయింది. చర్చి భోజనాల దగ్గర, బీన్స్ వడ్డించుకుంటూ, కొత్తగా ఎవరొచ్చినా చెబుతాడు: "పిల్లి తోక మీద ఎవరో బూటుకాలేశారనుకున్నా! అయినా చేసుకున్నాను, చూడండి నా మంచితనం!" అందరూ నవ్వుతారు. ట్వైలా కూడా నవ్వుతుంది. నవ్వకపోతే "సరదాకి అంటే ఏడుస్తుంది" అంటాడు కారులో.

ఆ తర్వాత ఆమెకి పసిపిల్లల గది దక్కింది. పెద్దలంతా ఆరాధనలో ఉంటే, ఆమె డయపర్లు మారుస్తూ, గోడకున్న చిన్న స్పీకరు డబ్బాలోంచి వచ్చే పాటలు వినేది. పోయినేడాది "నాకూ క్వైర్లో పాడాలనుంది" అని నోరు జారితే, అత్తగారు ఓపల్ తల కూడా ఎత్తకుండా అంది: "దేవుడు నీకు పిల్లల్నెత్తే చేతులిచ్చాడమ్మాయ్. గొంతు బ్రాండీకిచ్చాడు. ఎవరికిచ్చింది వాళ్లు చేసుకోవాలి."

కాని డ్వేన్‌కీ ఓపల్‌కీ తెలియంది ఒకటుంది. ఆ గదిలో తలుపేసుకుని, ఒక పసివాణ్ణి భుజాన వేసుకుని ఊపుతూ, ట్వైలా డబ్బాలోని పాట కంటే పైకెళ్లి పాడేది. గొంతు ఒక్కసారి కూడా పగల్లేదు. పసిపిల్లలు పిల్లి తోక జోకులెయ్యరు.

శనివారం గ్యారేజీలో కారు అద్దాలు ఎత్తేసుకుని "తెల్లవారకముందే" సాధన చేసింది, కింది శ్రుతిలోనే. మధ్యలో దిగి వెళ్లి ఆకాశం చూసింది, సుడిగాలికి ముందులా మబ్బు ఆకుపచ్చగా ఉందేమోనని. కేసీ చెవి ముట్టుకుని చూసింది, పోటొస్తోందేమోనని. మెట్లెక్కుతూ బోర్లా పడితే? పాట మధ్యలో ఈగ నోట్లోకెళితే? సరిగ్గా ఆ వేళకే సుడిగాలి వచ్చి, బిడ్డ ఒక చోటా తనొక చోటా ఉంటే? ఇన్ని భయాల కిందా ఒళ్లంతా ఏదో చక్కిలిగింత. జాతరకి బయల్దేరే పిల్లలా ఉంది ఆమె పని.

ఆదివారం పసిపిల్లల గదికి ఓపల్ వచ్చింది, మొహం ముడుచుకుని. "ఒక్క పాటేగా? అవగానే వచ్చెయ్. నా మోకాళ్లు ఈ పిల్లల వెంట తిరగలేవు."

"కేసీకి చెవి నొప్పంటే వెంటనే కబురు పెట్టండత్తయ్యా. సైరన్ మోగితే కిందకి—"

"నాకు తెలీదూ! ముందు పో, తల్లీ!"

కానుకల పళ్లేలు వరసల్లో తిరుగుతుండగా ట్వైలా వేదికెక్కింది. పడలేదు. డ్వేన్ వెనక నుంచి తలూపాడు, మీట నొక్కాడు.

పియానో మొదలైంది. నాలుగో స్వరం మోగేసరికి ఆమెకి అర్థమైంది. ఇది కింది శ్రుతి కాదు. పైది.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఈ చర్చిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. చెయ్యెత్తాలి. సౌండువాడు ఆపుతాడు, జనం ఆప్యాయంగా నవ్వుతారు, ఎవరో పెద్దాయన "ఫరవాలేదు సిస్టర్" అంటాడు, మళ్లీ మొదలెడతారు. బ్రాండీకీ జరిగింది. ట్వైలా చెయ్యి లేచింది కూడా, నడుం దాకా. అక్కడ వెనక డ్వేన్ మొహం టమాటాలా ఎర్రబడింది. వేలు ఆపే మీట మీద పెట్టి, ఆమె సైగ కోసం చూస్తున్నాడు.

పగిలితే? పగిలితే ఇంకో ఇరవై ఏళ్ల జోకు. ఈసారి సాక్షులు చర్చి నిండా. ఆపేస్తే? ఆపేస్తే ఏమీ అవదు. ఇప్పటిదాకా ఏమీ అవనట్టే, ఇకముందూ ఏమీ అవదు. ఆలోచిస్తుంటే ఆ రెండోదే ఎక్కువ భయమేసింది. సుడిగాలి కంటే.

లేచిన చేత్తో స్టాండు మీంచి మైకు తీసుకుంది. డ్వేన్ వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆపకు.

మొదటి చరణం తల దించుకునే పాడింది. రెండో దానికి తల ఎప్పుడెత్తిందో తెలీదు. మూడో చరణంలో, క్యాంపులో గొంతు పగిలిన ఆ ఎత్తే వచ్చింది. ఆమె కళ్లు మూసుకుని, భుజాన ఒక పసివాడున్నట్టు ఎడమచెయ్యి మడుచుకుని, పైకి వెళ్లింది. గొంతు వెళ్లింది. వెళ్లి, అక్కడే నిలబడింది. దిగబుద్ధి కాక ఇంకాసేపు నిలబడింది. ట్రాకు అయిపోయింది. తర్వాత వెనక వరసల్లోంచి "ఆమేన్!" అని ఎవరో అరిచారు, ఆపైన చప్పట్లు.

మెట్లు ఎలా దిగిందో ఆమెకి తెలీదు. నడవాలో కేసీ ఎదురు పరిగెత్తుకొచ్చింది. "అమ్మా! డబ్బాలోంచి నువ్వొచ్చావు! పాపలందరూ ఏడుపాపేశారు!"

ఓపల్ ఒక బిడ్డని చంకనేసుకుని గుమ్మంలో నిలబడింది. కోడల్ని పైనుంచి కిందిదాకా చూసింది. "డ్వేన్ గాడు ట్రాకు బదులు ఆ డెబ్రా పాడిన డిస్కే పెట్టేశాడనుకున్నా. ఈ వెధవ మళ్లీ తప్పు చేశాడు, పాపం పిల్ల నోరు తెరుచుకుని నిలబడుంటుంది, అనుకున్నా." చంకలో బిడ్డని సర్దుకుని, "నువ్వేనా?" అంది.

"నేనే అత్తయ్యా."

ఆరాధన ముగిశాక డ్వేన్ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. "సారీనే, తప్పు నంబరు నొక్కేశా. అయినా గట్టెక్కావులే! సాయంత్రం ఆరాధనలో మళ్లీ పాడమంటున్నాడు బ్రదర్ మెల్విన్. సరేనన్నాను. ఈసారి కిందిదే పెడతా, భయపడకు."

ట్వైలా కేసీ చెవి మరోసారి ముట్టుకుని చూసింది. వేడి లేదు. కిటికీలోంచి ఆకాశం చూసింది. తెల్లగానే ఉంది. భుజానికున్న డయపర్ల సంచీ తీసి అతని భుజానికి తగిలించి, పట్టీ సరిచేసింది.

"పాడేదాన్ని నేను. ఆ సరే అనేదేదో నేనే వెళ్లి ఆయనతో అంటాను," అంది. "సాయంత్రం పసిపిల్లల గదిలో నువ్వుండు. మీట నొక్కడానికి ఎవరో ఒకరు దొరుకుతార్లే. పై శ్రుతిది."